చెంప మీది చెయ్యి

"చెయ్యి తియ్యి" అన్నాను, ఉతికిన బట్టలు మడతపెడుతూ, తలైనా ఎత్తకుండా. తొమ్మిదేళ్ళ నా కూతురు పుస్తకం ముందు ఎప్పుడూ ఒకేలా కూర్చుంటుంది: ఎడమ చెంపకు అరచెయ్యి ఆనించి, వేళ్ళు కంటి మీదికి జారేలా. "రాణీగారి వాలకం చూడు, చదువుకీ దిండు కావాలి కాబోలు" అంటూ అత్తయ్య అటు వెళ్ళినప్పుడల్లా ఆ చెయ్యి లాగేస్తారు. మా ఆయన కుర్చీలోంచి లేవకుండా గొంతుతోనే లాగుతారు. ఈ ఇంట్లో మేం ముగ్గురం ఏకమైన విషయం అదొక్కటే.

బల్ల మీద బడి పంపిన కాగితం ఉంది. పాప చదివేటప్పుడు వరుసలు దాటేస్తోందట, చదివిందే మళ్ళీ చదువుతోందట. వచ్చే ఏడు ఇదే తరగతిలో ఉంచడానికి తల్లిదండ్రులిద్దరి సంతకాలూ శుక్రవారంలోగా కావాలి.

"కళ్ళ డాక్టరు చూపు భేషుగ్గా ఉందన్నాడుగా. గోడ మీది ఆఖరి వరుస కూడా గడగడా చదివేసింది. కళ్ళున్నాయి, ధ్యాసే లేదు" అన్నారాయన సంతకం గీకేసి. "నువ్వా కుట్టుపని మానేసి పిల్ల పక్కన కూర్చుంటే ఈ గతి పట్టేదా?"

నేను కూర్చోవడం ఆయన చూడలేదు. దుకాణంలో చొక్కాలకు గుండీలు కుట్టి వచ్చి, వంట చేస్తూ, రెండేళ్ళుగా దాని పాఠాలు పైకి చదివి వినిపించాను. అది విని, పొల్లు పోకుండా అప్పజెప్పేది. పిల్ల చదవలేకపోతోందన్న సంగతిని ఇన్నాళ్ళూ కప్పి ఉంచింది నా శ్రమే. ఎవరి కంటా పడని పని తాను కనబడకపోవడమే కాదు, తన వెనక ఉన్నదాన్నీ కనబడనివ్వదు.

నేను సంతకం చెయ్యలేదు. దుకాణంలో పక్క మిషను మీద కుట్టే ఆవిడ ఇచ్చిన చిరునామా పట్టుకుని, సగం రోజు సెలవు పెట్టి, పాపను కంటి వ్యాయామాలు నేర్పే థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆవిడ గోడ మీది అక్షరాల జోలికే పోలేదు. పెన్ను కొనను పాప ముక్కు వైపు మెల్లగా తెస్తూ, "ఎన్ని?" అంది.

పెన్ను ఇంకా జానెడు దూరంలోనే ఉంది. "రెండు" అంది పాప, టైము చెప్పినట్టు మామూలుగా.

"పుస్తకంలోనూ ఇంతేనా?"

"కాసేపయ్యాక. అక్షరాలు ఒకదాని మీదికొకటి ఎక్కేస్తాయి."

"మరి అమ్మకి చెప్పలేదేం?"

"అందరికీ అంతేగా?"

"అలా ఎక్కేసినప్పుడు ఏం చేస్తావు తల్లీ?"

పాప చెంపకు చెయ్యి ఆనించింది. వేళ్ళు ఎడమ కంటిని కప్పాయి. అంతలో నా వైపు చూసి, ఉలిక్కిపడి తీసేసింది.

పిల్ల తనంతట తాను కనిపెట్టుకున్న ఒకే ఒక్క మందును రోజుకు పదిసార్లు దాని చేతిలోంచి లాక్కున్నాం. లాక్కున్న చేతుల్లో నావీ ఉన్నాయి.

"దూరం చూపు బాగానే ఉంది" అంది థెరపిస్టు. "దగ్గరవి చూసేటప్పుడు రెండు కళ్ళూ కలిసి లోపలికి తిరగాలి. పాపవి కాసేపటికే అలిసిపోయి విడిపోతున్నాయి. అందుకే ఒకటి రెండుగా కనబడుతుంది, ఒక కన్ను మూస్తే మళ్ళీ ఒకటవుతుంది. కొందరికి ప్రత్యేకమైన అద్దాలిస్తాం, వేరే ఇబ్బందులున్నవాళ్ళలో కొందరికి ఒక కంటికి పట్టీ వేస్తాం. ఈ పాపకి వ్యాయామం చాలు. వారానికోసారి ఇక్కడ, రోజూ పావుగంట ఇంట్లో, మూడు నెలలు. మార్కులు పెరుగుతాయని మాటివ్వనమ్మా. అక్షరాలు కుదురుగా నిలబడితే, చదవడం సంగతి పాపే చూసుకుంటుంది."

ఇంటికి వస్తుంటే ఏడుపు రావాలి. రాలేదు. గుండెల మీది బరువెవరో దించినట్టయింది. నా కూతురు మొద్దు కాదు. అందరికీ అంతేగా అన్న దాని మాటే వెంట నడిచింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో, "రోజంతా ఏం చేస్తున్నావు?" అని వినబడినప్పుడల్లా నాకు నేను చెప్పుకున్నది అక్షరాలా ఆ మాటే. మొదటినుంచీ వంకరగానే కనబడుతున్నదాన్ని వంకర అని ఎలా అనగలం? తిన్ననిది ఒక్కసారైనా చూసి ఉండాలి కదా.

కాగితం వెనక థెరపిస్టు రాసిచ్చిన చీటీ జతచేసి, మూడు నెలలు ఆగమని బడిలో అడిగాను. "ఈ ముక్క ముందే చెప్పకూడదా అమ్మా? సరే, ఆగుదాం" అంది ప్రధానోపాధ్యాయురాలు, కాగితం పక్కన పెట్టేస్తూ.

ఆ సాయంత్రం, వ్యాయామానికని థెరపిస్టు ఇచ్చిన, మూడు రంగుల పూసలు గుచ్చిన పొడవాటి తాడు తీశాను. ఒక కొస పాప ముక్కుకు ఆనించుకుంటుంది. రెండోది ఎదుటివాళ్ళు బిగువుగా పట్టుకోవాలి. దాన్ని ఆయన చేతికిచ్చాను.

"ఇవన్నీ నాకేం వస్తాయి? నువ్వే చూసుకో."

"నాకూ నిన్నటిదాకా రాదండీ. రోజు మార్చి రోజు మీరు, నేను."

ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు. అత్తయ్య కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"నాన్నా, కదలకు! పూస రెండైపోతోంది!" అంది పాప. ఆయన కదలడం మానేశారు.

మడతపెట్టాల్సిన బట్టలు మంచం మీద అలాగే ఉన్నాయి. నేను కుర్చీ లాక్కుని, చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చున్నాను. తియ్యమని ఎవరూ అనలేదు.