కడిగిన ఫిల్టర్లు

తుంగభద్రకు పెద్ద వరద వచ్చి అలంపూర్ మునిగిన తర్వాత పదహారో ఏడు. ఇస్రాయేలు విత్తనాల ల్యాబు వెనక కుళాయి దగ్గర కూర్చుని మాస్కులు కడుగుతున్నాడు. రబ్బరు మాస్కులు. ఒక్కోదానికి రెండు ఫిల్టరు డబ్బాలు. డబ్బాలు విప్పి సబ్బునీళ్లలో ముంచాడు. విదిలించి గోడ మీద ఎండకు పెట్టాడు. పదకొండేళ్లుగా ప్రతి సోమవారం ఇదే పని. ఒక మాస్కు తనది, ఒకటి ఎస్తేరమ్మది. పత్తి గింజల నూగు పోవడానికి యాసిడ్ పోసేది వాళ్లిద్దరే. ఎస్తేరమ్మ ఊపిరాడని దమ్ముతో మూడు నెలలుగా వనపర్తి దవాఖానలో ఉంది; అయినా ఆమె మాస్కు కడగడం అతను మానలేదు.

ఆ రోజు తనిఖీకి భవ్యశ్రీ అనే అధికారి వచ్చింది. డబ్బా చేతిలోకి తీసుకుంది. నీళ్లు కారాయి.

"ఇవి ఎవరు కడిగారు?"

"నేనే మేడం. జర మురికి గూడ ఉండనియ్య."

"లోపల బొగ్గు ఉంటుంది. తడిస్తే విషపు గాలిని ఆపదు. పాతవి పారేసి కొత్తవి పెట్టాలి. ఎవరూ చెప్పలేదా?"

మేనేజరు చైతన్య నవ్వాడు. "ఎంత చెప్పినా వినడు మేడం. సబ్బు కనవడితే మావోడు గోడలు గూడ కడుగుతడు."

ఇస్రాయేలు చెవులు మండాయి. "ఎన్నడు చెప్పినవు సారూ? కొత్తయి అడిగితే, కడుక్కొని వాడుకో పో అంటివి గదా!"

ఆ ల్యాబులో అతని గొంతు అంత పైకి లేవడం అదే మొదలు.

ఆమె రాసుకుని వెళ్లిపోయింది. చైతన్య ఒక కాగితం తెచ్చాడు. మాస్కు వాడకం నేర్పారని, ఇస్రాయేలు, ఎస్తేరమ్మలే వినలేదని అందులో ఉంది.

"సంతకం పెట్టు. లేకుంటే రేపటి సంది రాకు."

అప్పుడే ఫోను మోగింది. ఎస్తేరమ్మ బిడ్డ హెప్సిబా.

"మామా, అమ్మ పోయింది."

ఇస్రాయేలు ఫోను జేబులో పెట్టుకున్నాడు. తన చేతులు చూసుకున్నాడు. ఇంకా సబ్బు వాసన.

"ఆమెను గూడ అబద్ధాలదాన్ని చేస్తవా? నాకు పేరు రాయొస్తది సారూ. దీని కింద రాయ."

మేకుకు తగిలించి ఉన్న ఎస్తేరమ్మ మాస్కు తీసుకుని బయటికి నడిచాడు. ఎవరూ ఆపలేదు.

తెల్లారి, ఆమెను మట్టిలో పెట్టకముందే, మొదటి బస్సెక్కి గద్వాలలో అధికారి ఆఫీసుకు పోయాడు. తలుపు తీసేదాకా నిలబడ్డాడు. గీతల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది భవ్యశ్రీకి ఇచ్చాడు: కడగమన్నది చైతన్య సారు. కడిగింది నేను. కింద పేరు.

మాస్కు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. సాగిన పట్టీకి ఎస్తేరమ్మ వేసిన ముడి ఉంది. ముడిలో చిక్కుకుని ఒక నెరిసిన వెంట్రుక.