రూఫ్ సప్పుడు చేస్తుంటె

యూనివర్సిటీలో థియేటర్ పాఠాలు చెప్తానంటే జనం తలూపుతారు. డ్రామటర్జ్‌ని అంటే మాత్రం తెల్లమొహం వేస్తారు. నాటకం నేను రాయను, ఆడను, ఆడించను. ఎవరో రాసినదాన్ని పట్టుకుని, "ఇది ఎందుకు? ఇక్కడే ఎందుకు?" అని అందరి ప్రాణాలు తోడేస్తాను. ఇరవై ఏళ్లుగా నా పని అదే.

మా బాపు నర్సింగం దృష్టిలో మాత్రం అదసలు పనే కాదు. ఆయన గోదావరిఖని భూగర్భ గనిలో ముప్పై ఏళ్లు సర్దార్‌గా చేశాడు. కార్మికుల కంటే ముందు లోపలికి వెళ్లి, చోటు భద్రమో కాదో చూసే డ్యూటీ. ఎవరైనా "సంధ్యారాణి ఏం జేస్తది?" అని అడిగితే, "నాటకాలల్ల ఉంటది" అని మాట మారుస్తాడు. ఏడు నాటకాలకు తీసుకెళ్లాను. ఏడింట్లోనూ సగంలో లేచి, "చాయ్ తాగొస్త" అని పోయినవాడు మళ్లీ రాలేదు. ఒళ్లు మండదూ మరి! ఏడుపు కూడా వచ్చేది, దాచడమెందుకు.

ఈసారి నా విద్యార్థి రుత్విక్ బొగ్గుబాయి మీదే నాటకం రాశాడు. ప్రదర్శన గోదావరిఖనిలోనే. దీనికీ బాపు చివరిదాకా కూర్చోకపోతే జన్మలో మళ్లీ పిలవకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ముందురోజు రిహార్సల్‌కు ఈడ్చుకొచ్చాను. చివరి దృశ్యంలో గని కప్పు కూలబోతుంటే హీరో ఆరు నిమిషాలు ఉపన్యాసం దంచుతాడు. అందులో ఏదో తేడా ఉందని నాకు రెండు నెలలుగా తెలుసు. అదేమిటో మాత్రం అంతుపట్టలేదు. రెండో నిమిషంలోనే బాపు కండువా దులుపుకుని లేచాడు.

"ఏంది బాపు, చాయ్ తాగొస్తవా?" అన్నాను పళ్లు కొరుకుతూ.

"చాయ్ లేదు గీయ్ లేదు. రూఫ్ సప్పుడు చేస్తుంటె గిన్ని మాటలేంది? బాయిల గట్ల మాట్లాడితె అందరు సస్తరు."

"మరి ఏం చేస్తరు?"

"నోర్లు మూసుకుంటరు. సప్పుడు యాడికెల్లి వస్తున్నదో ఇనాలె కదనే!"

అంటూ బాపు బయటికి నడిచాడు. రుత్విక్ మొహం మాడిపోయింది. "మేడమ్, నా బెస్ట్ డైలాగ్ అదే!" అన్నాడు. ఇంకో నాటకంలో వాడుకో నాయనా అని, ఆరు నిమిషాలూ కొట్టేశాను. ఆ చోట నిశ్శబ్దం పెట్టాం.

మర్నాడు సాయంత్రం ఫస్టు షిఫ్టు దిగినవాళ్లు స్నానాలు చేసుకొచ్చి హాలు నింపేశారు. బాపు తలుపు పక్కనే కుర్చీ చూసుకున్నాడు. ఎందుకో నాకు తెలుసు.

చివరి దృశ్యం వచ్చింది. తెర వెనుక నుంచి పటపటమని చప్పుడు. నటులంతా బిగుసుకుపోయారు. హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. చూద్దును కదా, మూడొందల తలలు ఒక్కసారిగా పైకెత్తి ఆ హాలు పైకప్పునే చూస్తున్నాయి! పది సెకన్లు. ఇరవై. హీరో వేసిన హైదరాబాదు కుర్రాడు తట్టుకోలేక అడుగు కదపబోయాడు.

"కదలకుండ్రి!" తలుపు దగ్గర నుంచి ఒక గొంతు. "ఎవ్వలు కదలకుండ్రి. ఇనుండ్రి."

బాపు. లేచి నిలబడి, చెయ్యెత్తి ఉన్నాడు. స్టేజీ మీద కుర్రాడూ ఆగాడు, హాలూ ఆగింది. నాకు కన్నీళ్లు మాత్రం ఆగలేదు.

చప్పట్లయ్యాక స్టేజీ పక్కకు వచ్చాడు.

"గా మాటలన్ని తీసేసింది నువ్వేనా?"

"నేనే బాపు. యాడ ఏముండాల్నో, ఏముండద్దో ముందుగాల చూసుడే నా పని."

"గిదానే నువ్వు చేసే డ్యూటీ?" బాపు కోపంగా అరిచాడు. "గిన్నేండ్ల సంది ఒక్కనాడన్న చెప్పకపోతివి!"