టిజోన్ చూపు

ఆ ఉదయం నది ఒడ్డుకు వచ్చినవారు వరుసగా వీరు: ముందు, మెడలో కెమెరాతో విశ్రాంత నోటరీ దొన్ లియోనిదాస్, వెంట, ఎర్ర రిబ్బను కట్టించుకున్న ఆయన నల్లకుక్క టిజోన్, తరువాత, గొడుగుతో భార్య దొన్యా మిర్తా, చిట్టచివర, ఎవరూ పిలవకుండానే పొరుగింటి దొన్యా కసిల్దా.

కుక్కలను కాచే పునీతుడు సాన్ రోకే పండుగకు తరీహా పట్టణంలో కుక్కల ఫొటోలను చర్చి వసారాలో తగిలిస్తారు. నిరుడు దొన్ లియోనిదాస్ తగిలించిన ఫొటోలో టిజోన్ మసిముద్దలా కనబడింది. ఆ అవమానం ఆయన మరువలేదు. ఈసారి నడి ఎండను వదిలి, కుక్కను చెట్టునీడ అంచున కూర్చోబెట్టాడు. దాని వెనుక చెత్త కనబడకుండా పక్కకు జరిగాడు. చివరకు, ప్రార్థనలో తప్ప వంచని మోకాళ్ళను ఇసుకలో ఆనించి, కెమెరాను దాని కళ్ళ ఎత్తుకు దించాడు.

"అమ్మో! చర్చిలో కూడా ఇంతసేపు మోకరిల్లరే!" అంది మిర్తా.

వెలుతురు కుదిరింది, బొచ్చు మెరిసింది. కళ్ళు మాత్రం ఆయన భుజం మీదుగా కసిల్దాను చూస్తున్నాయి.

"టిజోన్, ఇటు!"

చెవి కూడా కదలలేదు.

"నన్ను తిట్టకండి దొన్ లియోనిదాస్, నేను నోరు మెదిపానా?" అంది కసిల్దా నవ్వుతూ.

"మీరు నిలబడ్డారు. అది చాలదా?"

పోయిన చలికాలంలో ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో, మిర్తా ఆయన పక్కనే ఉండగా టిజోన్‌ను సాకినది ఆమె. తన మంచం మీదే పడుకోబెట్టుకుందట. ఇంటికి తిరిగివచ్చిన యజమాని చేతిని కుక్క మర్యాదకు వాసన చూసి, ఆమె గోడవైపు తిరిగింది. కృతజ్ఞత చెప్పవలసిన ఆయన "కుక్కను పాడుచేశారు" అన్నాడు. నాటినుండి ఆ గోడ అవతల ఆమె నవ్వు వినబడితే ఆయనకు ముద్ద దిగేది కాదు.

"దయచేసి ఇంటికి వెళ్ళండి," అన్నాడిప్పుడు.

ఆమె గట్టెక్కి చెట్ల చాటుకు వెళ్ళి ఆగింది. టిజోన్ లేచి నాలుగడుగులు ఆమె వెంట వేసి, తాడు బిగుసుకోగా ఆగి, తల వాల్చింది. ఆయన రిబ్బను సర్దాడు, బతిమాలాడు, చికెన్ ముక్క చూపాడు. అది తిన్నది, తలెత్తలేదు. కెమెరాలో పడినదల్లా తోడు పోగొట్టుకున్న జంతువు.

"ఏమండీ, మీ ఫొటో ముఖ్యమా, మీ పంతమా?" అంది మిర్తా మెల్లగా.

దొన్ లియోనిదాస్ గట్టువైపు తిరిగాడు. కేకవేసి పిలిచాడు: "దొన్యా కసిల్దా! వచ్చి నా వెనక నిలబడండి."

"ఇప్పుడే కదా పొమ్మన్నారు?"

"ఇప్పుడు రమ్మంటున్నాను."

ఆమె వచ్చి ఆయన భుజం వెనుక నిలిచింది. టిజోన్ చెవులు నిక్కాయి, నోరు తెరుచుకుంది, కళ్ళలో వెలుగు నిండింది. ఆ చూపు తనకోసం కాదని తెలిసీ, దొన్ లియోనిదాస్ కెమెరా మీట నొక్కాడు.

పండుగనాడు వసారాలో ఆ ఫొటో ముందు జనం గుమిగూడారు. దాని కింద నోటరీగారి నిటారు దస్తూరిలో ఇలా ఉంది:

"ఫొటో తీసినది నేను. దీని యజమాని జబ్బుపడిన కాలంలో ఈ కుక్కకు తిండి, నిద్ర, ప్రేమ ఇచ్చి కాపాడినవారు శ్రీమతి కసిల్దా హెరేస్ గారు. ఆ మేలును ఆలస్యంగానైనా బహిరంగంగా అంగీకరిస్తూ, వారికి నా వందనములు సమర్పిస్తున్నాను. — లియోనిదాస్ అరాన్సిబియా."