నాకు పడని మాత్ర

"రోంత ఎడంగా నిలబడు మే, మెంతుల కంపు కొడతాండావు" అన్నాడు మా ఆయన మహేంద్ర, సంగటి పెడుతుంటే. నేను వెనక్కి జరిగి, చెయ్యి చాపి పులుసు పోశాను. కంపు కొట్టక ఏం చేస్తుంది? పొద్దున నానిన మెంతులు గుప్పెడు, మధ్యాహ్నం మజ్జిగలో మెంతి పొడి, రాత్రికి మళ్లీ గుప్పెడు. నా చెమటలో, చీరలో, తలగడలో అదే వాసన. మా ఇంట్లో ముగ్గురికి షుగరుంది. ఆయనకు, నాకు, చూపు పోయిన మా అత్త లక్ష్మీనరసమ్మకు. ముగ్గురికీ మెంతులు నానబోసేది, వడగట్టేది, వేయించి దంచేది నేనే. ఆయన ఆ నీళ్లు నాలుగు గుక్కలు తాగి, పైన మాత్ర వేసుకుంటాడు. నాకూ అత్తకూ మెంతులే. అందుకే ఆయన వంట్లో వాసన లేదు.

పోయినేడు ఆయనకు తోడుగా పులివెందుల ఆస్పత్రికి పోతే, డాక్టరమ్మ నా వాలకం చూసి నాకూ రక్తం తీయించింది. ఆయనకన్నా నాకే షుగరెక్కువ. మెంతులు మంచివేనమ్మా అంది ఆమె. వాటిలోని జిగురూ పీచూ కలిసి, తిన్న తిండిలోని చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి పోకుండా నిదానిస్తాయట. కానీ అవి మాత్రకు తోడే తప్ప మాత్రకు బదులు కావని గట్టిగా చెప్పింది. నాకూ ఆయన మాత్రే రాసిచ్చి, కొత్తలో కడుపులో తిప్పుతుంది, సర్దుకుంటుంది, మానేయొద్దని కూడా చెప్పింది. తిప్పింది. వాంతులయ్యాయి. ఆ రోజే మా బత్తాయి తోటలో చీనీకాయల కోత, కూలోళ్లకు వంట ఆలస్యమైంది. "నీకు ఇంగ్లీషు మందు పడదులే, మెంతులు తిను" అన్నాడు. అంతటితో నా వైద్యం అయిపోయింది. ఆయన మొదలుపెట్టినప్పుడు ఆయనకూ అదే మాత్రతో అట్లాగే తిప్పింది. గంజి కాచి ఇచ్చాను, వీపు రాశాను, కక్కింది ఎత్తిపోశాను, అలవాటయ్యే దాకా పక్కనే ఉన్నాను. మొగోడికి మాత్ర అలవాటవుతుంది. ఆడదానికైతే పడదు. నేనూ ఆ మాట నమ్మాను. నమ్మితే పొయ్యి ఆగదు, ఇంట్లో గొడవ ఉండదు.

మొన్న బండలు తుడుస్తుంటే, తుడిచిన చోటల్లా మళ్లీ ఎర్రటి మరకలు. అత్త యాడైనా తగిలించుకుందేమోనని చూశాను. కాదు, మరకలు నా వెనకే వస్తున్నాయి. అరికాలు తిప్పి చూస్తే చీనీ ముల్లు, సగం లోపలికి దిగి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో తెలియదు. నొప్పి లేదు. గిల్లి చూశాను, గోరుతో గీకి చూశాను. ఎవరి కాలో పట్టుకున్నట్టుంది. అప్పుడు ఏడ్చాను. ఇన్నేళ్లు వీళ్ల వెనక తిరిగిన కాలు నాకొక మాటైనా చెప్పకుండా చచ్చిపోతోంది. రేపు ఇది తీసేయాలంటే, ఎల్లుండి కండ్లూ పోతే, నాకు అన్నం పెట్టేదెవరు? మా ఆయనకు చూపిస్తే, కింద చూసుకొని నడవొద్దా అన్నాడు.

పసుపు పెట్టినా పుండు మానలేదు, చీము పట్టింది. ప్రొద్దుటూరులో ఉండే మా తమ్ముడు నారాయణస్వామికి ఫోన్ చేసి చెప్పుకున్నాను. అక్కను పంపు బావా, ఇక్కడ పెద్దాస్పత్రిలో చూపిస్తానని వాడు ఆ సాయంత్రమే ఫోన్‌లో మా ఆయనను అడిగాడు. ఆయన అరుగు మీద కూర్చొని, పక్కింటికి కూడా వినబడేలా నవ్వుతూ జవాబిచ్చాడు. "మీ అక్కకు ఇంగ్లీషు మందు పడదప్పా. శానా సున్నితం. అయినా ఆయమ్మ ఆడికొస్తే మా యమ్మకు దిక్కెవరు?" ఫోన్ జేబులో పెట్టుకొని తోటకు నీళ్లు కట్టడానికి పోయాడు.

నేను లోపల కూర్చొని పుండుకు గుడ్డ చుట్టుకుంటున్నాను. అత్త గోడ తడుముకుంటూ వచ్చి నా పక్కన చతికిలబడింది.

"నాకూ అట్లే చెప్పినాడు మే" అంది.

"ఏమని?"

"పడదని. డాక్టరుకు, చుట్టాలకు, అందరికీ. నేను ఒక్కటన్నా మింగి చూళ్లేదు."

ఆమెకు చూపు మసకబారుతున్నప్పుడు ఊరంతా ఆమెనే తిట్టింది, మందు మింగదు మొండిముండ అని. ఆమె ఎవరికీ ఎదురు చెప్పలేదు. కొడుకు మాట అబద్ధమని ఎట్లా అంటుంది? ఇంత కాలం ఒకే ఇంట్లో ఉండి నేనూ ఆమెను ఎప్పుడూ అడగలేదు.

"ఇప్పుడు మింగితే కనపడతాదా?" అంది అత్త.

అబద్ధం నోటి దాకా వచ్చింది. డాక్టరమ్మ ఆమెను చూసినప్పుడే చెప్పింది, పోయిన చూపు తిరిగి రాదని.

"కనపడదత్తా" అన్నాను.

ఆమె ఏడవలేదు. వంగి, చేతులతో నేలంతా తడిమి, నా కాలి కట్టు దొరకబుచ్చుకుంది. చీము తడి వేళ్లకంటినా వదల్లేదు. నా పాదం మీద ఆమె చెయ్యి ఉందని కంటితో చూశాను గానీ, నాకు తెలియలేదు.

"తెల్లారి బస్సుకు పొద్దుటూరికి పో" అంది. "వాన్ని అడగొద్దు. ఇల్లు నేను చూసుకుంటాలే."