మిజ్బాన్ వేసిన సన్న తీగ

నూరియా శవాన్ని ఇంకా గుమ్మం దాటించలేదు, హాజీ మిజ్బాన్ మనిషిని స్తంభం ఎక్కించి కాలిన తీగ కోయిస్తున్నాడు. నేను కళ్ళారా చూశాను.

బస్రాలో ఎండాకాలం సర్కారు కరెంటును నమ్ముకున్నవాడు లేడు. మా పేటకి కరెంటంటే మిజ్బాన్ జనరేటరే. ఆంపియర్ల లెక్కన అమ్ముతాడు. నూరియా మార్కెట్లో చేపలు కోసి, మధ్యాహ్నం ఇంటికొచ్చి, కూలరు వేసుకుని పడుకుంది. గోడ వెంటున్న తీగ కాలి పరుపు అంటుకుంది. మొగుడు మతషర్ రేవు నుంచి పరిగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది.

"ఇస్తిరిపెట్టె కూడా పెట్టుంటారు. మీ ఆశే మిమ్మల్ని కాల్చింది," అన్నాడు మిజ్బాన్, మతషర్ మొహం మీదే. పక్కనున్న పోలీసు అధికారి తలూపాడు. కాలిన తీగ కారులో పడేసుకుని వెళ్ళిపోయారు. ఆ ఒక్క తీగ మాయం చేశారు గానీ, పేటంతా అదే తీగ.

మర్నాడు పేట ప్రార్థనా మందిరం హుసేనియాలో సంతాపానికి కూర్చున్నాం. మిజ్బాన్ దగ్గర తీగలు లాగే షాకిర్ వచ్చాడు. నూరియా చెల్లెలు హస్నా వాడి చొక్కా పట్టుకుంది.

"కొడితే తరవాత కొట్టు అక్కా. ముందు మీ ఇంటి తీగ తెచ్చి గీకు," అన్నాడు షాకిర్.

గీకితే ఎర్రటి రాగి పూత రాలి లోపల తెల్లటి అల్యూమినియం బయటపడింది. షాకిర్ తల దించుకునే చెప్పాడు. మిజ్బాన్ ఇంటికి పది ఆంపియర్లు అమ్ముతున్నాడు, ఈ తీగ ఆరు కూడా మొయ్యదు. ఈ ఎండలో, ఇన్ని తీగలు కట్టగట్టి లాగితే అసలు రాగి తీగే ఇంకా లావుది వెయ్యాలి. తీగ మోసేదానికన్నా బ్రేకరు చిన్నదుంటే, తీగ కాలేలోపే కరెంటు ఆగిపోతుంది. ఊరికే ఆగితే జనం గొడవకొస్తారని మిజ్బాన్ పెద్ద బ్రేకర్లు పెట్టించాడు. పెట్టింది షాకిరే.

పెద్ద వాదన జరిగింది. గవర్నరుకి అర్జీ పెడదామన్నాడు యాసీన్ మాస్టారు. గవర్నరు ఇంటికి కరెంటిచ్చేది ఎవరని నలుగురూ ఆయన మీద పడ్డారు. కూలర్లు లేకపోతే పసిపిల్లలేమవుతారని ముసలాళ్ళు భయపడ్డారు.

"ఎండని ఓర్చుకుంటాను. ఆ తీగ కింద నా పిల్లల్ని పడుకోబెట్టను," అంది హస్నా.

దాంతో తేలిపోయింది. పసివాళ్ళనీ జబ్బు మనుషుల్నీ హుసేనియాకి చేర్చాం, అక్కడ సొంత జనరేటరుంది. షాకిర్ స్తంభాల మీద బ్రేకర్లు దించాడు. పట్టపగలే ఎవరింటి తీగ వాళ్ళు కోసి, మిజ్బాన్ గేటు ముందు కుప్పేశాం. లావు రాగి తీగ, దానికి తగ్గ బ్రేకరు వేస్తేనే వాడి కరెంటు ముట్టుకుంటామన్నాం.

మిజ్బాన్ ఆ అధికారినీ పోలీసు జీపునీ వెంటబెట్టుకుని వచ్చాడు. "నా తిండి తిని నా మీదే లేస్తావురా కుక్కా?" అని షాకిర్‌ని తన్నాడు. షాకిర్ లేచి నిలబడి, "నీ తిండి కాదు, నా చేతుల కష్టం తిన్నాను. ఆ చేతుల్తోనే మనిషిని చంపించావు," అన్నాడు. పోలీసులు వాడికి బేడీలు వేశారు.

మతషర్ ముందుకొచ్చాడు. "మా ఇంటి తీగ నేను కోశాను. నన్నూ ఎక్కించు."

నేనూ కోశానంది హస్నా. నేనూ అన్నాడు మాస్టారు. అధికారి చెమట తుడుచుకుని షాకిర్‌నీ మతషర్‌నీ మాత్రమే ఎక్కించుకుని కదిలాడు. మేమంతా జీపు వెనకే నడిచాం. దారిపొడుగునా వేరే పేటలవాళ్ళు బయటికొచ్చి ఏమైందని అడిగారు. మాస్టారు తాళంచెవితో వాళ్ళ తీగలు గీకి చూపించాడు. స్టేషను చేరేసరికి వెనక వీధుల్లోనూ తీగలు తెగి కిందపడుతున్నాయి.

రేవు కార్మికులారా, కాలేజీ పిల్లలారా, అడిగారు కాబట్టి చెప్పాను. లోపలున్న ఆ ఇద్దర్నీ వదిలేదాకా మేమీ స్టేషను గేటు ముందు నుంచి లేవం. కొంచెం జరగండమ్మా, వీళ్ళకీ చోటివ్వండి.