నైరీ కళ్ళలో నీళ్ళు

న్యూజీలాండ్‌లోని క్యాంటర్‌బరీ మైదానంలో ఆవు తోక కింద నిమిరి పంచితం పట్టడంలో ఆల్విన్ పెథరిక్‌ను మించినవాడు లేడు. అతని చెయ్యి తగిలితే ఆవు ధార కట్టేదనీ, ఒకసారి ఆ ధార ఆగేలోపు పక్క పొలంలో గొర్రెలు ఈత నేర్చుకున్నాయనీ పాలషెడ్లలో చెప్పుకుంటారు. గొర్రెల మాటకు పూచీ లేదు గానీ, ధార మాట నిజం.

అతని ముప్పై ఏళ్ళ పరిశోధనంతా ఆ పంచితంలోనే ఉంది. ఆవు ఉచ్చ పోసిన చోట గడ్డి తాగలేనంత నత్రజని మిగిలిపోయి, వానతో దిగి ఊటనీళ్ళలో కలుస్తుంది. ఎంత దిగుతుందో కొలవడానికి విశ్వవిద్యాలయం వాళ్ళు నేలలో పెద్ద ఇనుప గొట్టాలు పాతి, పైన పంచితం పోసి, అడుగున కారే నీళ్ళు పడతారు. ఇన్నేళ్ళ ఘాటుకు ఆల్విన్ ముక్కు చచ్చిపోయింది, కళ్ళూ మొద్దుబారాయి. కుళ్ళిన తిమింగలం పక్కన కూర్చోబెట్టినా చేపలు వేయించుకుని తినగలడు.

అతని దగ్గర బకెట్ పట్టడం నేర్చుకున్న నైరీ, ఆవులకు ఒక వెడల్పాటి ఆకుల మేత పెట్టి, నత్రజని కారడం సగానికి సగం తగ్గిందని చూపించింది. రైతులు ఆమెను నెత్తిన పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే ప్రొఫెసర్ పీఠం ఖాళీ అయింది. ఇద్దరూ పోటీలో ఉన్నారు. ఆల్విన్‌కు ముద్ద దిగడం మానేసింది. ఆమె లెక్క నమ్మలేననీ, ఆ ప్రయోగం తన చేతులతో మళ్ళీ చేస్తాననీ శాఖాధిపతి ఫెర్గస్ దగ్గర పట్టుబట్టాడు. ఫెర్గస్ సరేనన్నాడు.

పట్టిన పంచితాన్ని వెంటనే మంచులో పెట్టాలి. వేడి తగిలితే నత్రజని అమ్మోనియా అయి గాలికెగిరిపోతుంది. ఇది ఆ శాఖలో మొదటి పాఠం. కానీ ఆ వేసవి చివరి రోజున ఆల్విన్ బకెట్లను బండి మీద వదిలేసి, నైరీ ఎలా బోర్లా పడబోతుందో పాలవాళ్ళకు వర్ణిస్తూ నిలబడ్డాడు. వర్ణనకు రెండు కప్పుల టీ పట్టింది. ఎండ తన పని తాను చేసుకుపోయింది.

గొట్టాల దగ్గర బకెట్ మూత తీయగానే, చూడ్డానికి వచ్చిన నైరీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆల్విన్, ఆ బకెట్లు..."

"ఏడుపు తర్వాత, అమ్మాయ్. ముందు నన్ను పోయనీ."

ఆమె మళ్ళీ ఏదో చెప్పబోయింది. అతను వినలేదు. భయపడి ఏడుస్తోందనుకుని, కడుపు చల్లబడి, చివరి చుక్కదాకా పోశాడు.

చలికాలం గడిచాక ఫెర్గస్ శాఖ సమావేశంలో అంకెలు చదివాడు. ఆల్విన్ ప్రయోగంలో కారిన నత్రజని నైరీ చూపినదానికన్నా ఇంకా తక్కువ. ఆల్విన్‌కు మొదట అర్థం కాలేదు. తర్వాత ఆ కన్నీళ్ళు గుర్తొచ్చాయి. అవి భయంతో వచ్చినవి కావు, అమ్మోనియా ఘాటుకు వచ్చినవి. తను పోసింది సారం ఎగిరిపోయిన పంచితం. నోరు మూసుకుంటే తన చేతులతోనే ఆమెకు పీఠం వేసినట్టు. తెరిస్తే ఇన్నేళ్ళ పేరు మట్టిపాలు.

అతను ఎటూ తేల్చుకోలేకుండా ఉండగానే నైరీ కుర్చీ వెనక్కి జరిగింది. ఇక లేచి చెప్పేస్తుంది, అనుకున్నాడు. తనకు కలిసొచ్చే అంకెను తనే కాదంటుంది, అందరూ చప్పట్లు కొడతారు. పీఠమూ దీనికే, నిజాయితీపరురాలన్న పేరూ దీనికేనా? ఆల్విన్ తటాలున లేచాడు.

"ఆ అంకె నమ్మకండి. బకెట్లు ఎండలో వదిలేసింది నేనే. నత్రజని గాలికి పోయాక పోశాను."

ఫెర్గస్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"తెలుసు, ఆల్విన్. నైరీ ఆ సాయంత్రమే చెప్పింది. నీ నోటినుంచే రానివ్వమంది. నువ్వు చెప్పకపోతే ఇవాళ నేనే చెప్పేవాణ్ణి."

నైరీ అప్పటికే టీ కెటిల్ దగ్గర ఉంది. ఆమె లేచింది అందుకే.

ఆల్విన్ ప్రయోగాన్ని పక్కన పెట్టారు. నైరీ పాత లెక్కే నిలిచింది, పీఠం ఆమెదైంది. ఇంత నిజాయితీ ఎక్కడా చూడలేదంటూ అందరూ వచ్చి ఆల్విన్ చెయ్యి పట్టుకుని ఊపారు. తను ఎందుకు లేచాడో ఒక్కరికీ చెప్పుకోలేకపోయాడు. నైరీ కొబ్బరి తురుము అద్దిన లామింగ్టన్ కేకు ముక్క తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"మీరు చెబుతారని నాకు తెలుసు. మీ దగ్గరే కదా నేర్చుకున్నాను."

ఆల్విన్ తల ఊపి, కేకు కొరికి, ఆమె పళ్ళెం వైపు చూశాడు. ఆమె ముక్క మీద కొబ్బరి ఎక్కువుంది.