మూపురమెక్కిన బండి

ఆళ్లగడ్డలో శిల్పాల షెడ్ల వరుసలో చివరిది ఉమామహేశ్వరమ్మది. మూడేళ్లుగా అందులో ఉలి చప్పుడు లేదు. భర్త నారాయణ ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి చెక్కేవాళ్లు. ఏదో గుడివాళ్లు అడిగిన నంది సగంలో ఉండగా ఆయన పోయాడు. మిగతాది తాను ముగిద్దామని కూర్చుంటే, నాలుగో రోజున ఆమె ఉలి కిందే మెడ దగ్గర రాయి పగులిచ్చింది. గుడివాళ్లు వేరేచోట చేయించుకున్నారు. ఆమె ఉలులన్నీ గుడ్డలో చుట్టి అటకెక్కించి, పక్క షెడ్లవాళ్ల బొమ్మలకు నునుపు పెడుతూ రోజులు నెట్టుకొస్తోంది.

వేసవి సెలవుల చివర్లో ఒక పొద్దున నంద్యాల నుంచి ఒకతను లగేజీ ఆటోలో వచ్చాడు. పేరు జాషువా, బడిలో లెక్కలు చెబుతాడు. చంకలో మూరెడు పొడవున్న రిమోట్ బొమ్మ బండి ఉంది.

"పనికిరాని రాళ్లేమన్నా ఉన్నాయామ్మా?"

"రాళ్లకేం కరువు? ఏం కట్టుకుంటాండావ్ నాయనా?"

"కొండ."

సరిగా వినబడలేదేమోనని ఆమె చేతిలో పని ఆపింది.

"మా పెరట్లో, ఈ బండికి" అన్నాడతను కొంచెం సిగ్గుపడుతూ. "దీన్ని క్రాలర్ అంటారు. జోరుగా పోదు. రాళ్లెక్కేదే దీని పని."

పెద్దవాడివి, నీకెందుకీ ఆట అని ఆమె అడగలేదు. అతనే చెప్పుకొచ్చాడు. "చిన్నప్పుడు గిద్దలూరు బస్సులో మా మేనత్తోళ్లింటికి పోతాంటిమి. నల్లమలలో ఘాటు రోడ్డు. కిటికీ పక్కన కూచుంటే, బస్సుతో పాటే ఒక చిన్న బండి ఆ గుండ్ల మీద ఎక్కి దిగి వస్తాండాదని అనుకుంటాంటి. ఎవురికీ చెప్పలే. ఇప్పుడు బండి దొరికింది. కొండే లేదు."

ఉమామహేశ్వరమ్మకు వాళ్ల నాయన గుర్తొచ్చాడు. రాయి ముట్టుకునే ముందు దాని మీద చీమవై ఒక చుట్టు తిరిగి రమ్మనేవాడు. ఆమె అట్లాగే తిరిగేది, గంటలు గంటలు. ఇంట్లో అన్నానికి పిలిచినా వినబడేది కాదు.

జాషువా రాళ్లను ఏరుతూ, ఒక్కోదాని మీద బండిని ఎక్కించి చూస్తున్నాడు. అట్లా చూస్తూ చూస్తూ వేపచెట్టు కింద సగం నంది దగ్గరికి వచ్చాడు. బండి దాని మోకాలెక్కింది. భుజం మీదికి పాకింది. పగులు దగ్గర ఆగింది. ముందు చక్రం ఒకటి గాలిలో తడుముకుని, అవతలి అంచును పట్టుకుంది. ఉమామహేశ్వరమ్మ ఊపిరి బిగబట్టింది. బండి అటూ ఇటూ ఊగి, నిదానంగా పగులు దాటేసింది.

ఆమె దగ్గరికొచ్చి పగులు మీద వేలు పెట్టి చూసింది.

"దీన్ని గూడా తీస్కపో" అంది చివరికి. "పేర్చేది మాత్రం నేనొచ్చి పేర్చాల. నీకు రాయి పెట్టేది రాదు."

"ఎట్ల తెలుసమ్మా?"

"నువ్వు ఏరిన రాళ్లు చూస్తానే తెలిసింది. అన్నీ గుండ్రాళ్లే. ఒక్కటీ కుదురుగా కూచోదు."

పక్క షెడ్లవాళ్లు నలుగురొచ్చి, గడ్డపారలతో నందిని ఆటోలోకి జరిపారు. రాతి పనికి ఉత్త చేతులతో పోకూడదని ఆమె అటక మీది గుడ్డమూట కూడా దించి ఒడిలో పెట్టుకుంది.

నంద్యాలలో ఆ ఇంటి పెరడు నాలుగు మంచాలు పట్టేంత. మునగచెట్టు, బట్టలుతికే బండ, ఆ పక్కన ఖాళీ నేల. జాషువా భార్య రెబెకా నందిని చూడగానే తటపటాయించింది.

"పెద్దమ్మా, మేము చర్చికి పోయేవాళ్లం. అయినా అది మీ దేవుని బొమ్మ గదా. దాని మీద చక్రాలెక్కిస్తే తప్పు గాదా?"

"ఉలితో ఇంకా కన్ను తెరవలేదమ్మా దీనికి. కన్ను తెరిచేదాకా రాయే" అంది ఉమామహేశ్వరమ్మ. "ఒకవేళ ఎద్దే అనుకో. ఎద్దు వీపు మీద కాకి వాలదా?"

రెబెకా నవ్వేసి, పలుగు అందుకుంది.

రెండు రోజులు పట్టింది. ఉమామహేశ్వరమ్మ రోజూ సాయంత్రం బస్సెక్కి ఆళ్లగడ్డ పోయి, పొద్దున్నే తిరిగొచ్చేది. మూరెడు లోతున తవ్వి, మన్ను తడిపి దిమ్మిసతో గట్టి చేశారు. ప్రతి రాయినీ మూడోవంతు మట్టిలో పాతించింది ఉమామహేశ్వరమ్మ. సందుల్లో రాతి చెక్కలు కొట్టి బిగించింది. నందిని ఒక పక్కకు ఒరిగించి, వీపూ మూపురమూ మాత్రమే పైకి కనబడేట్టు పూడ్పించింది. మధ్యమధ్య నేల మీద బోర్లా పడుకుని, గడ్డం మట్టికి ఆనించి కళ్లు మూసుకునేది. అప్పుడామె బొటనవేలంత అయిపోయేది. బెత్తెడు సందు లోయయ్యేది. మునగాకు నీడ మబ్బులాగా రాళ్ల మీద పాకేది. ఎక్కడో పైన, ఆకాశమంత ఎత్తున, జాషువా, రెబెకా మాట్లాడుకునేవాళ్లు.

మూడో రోజు మధ్యాహ్నం బండిని కొండకు వదిలారు. లోయ దాటింది, జాషువా వేసిన చెక్క వంతెన దాటింది. మూపురం దగ్గర మాత్రం జారిపోయింది. మూడుసార్లు ఎక్కితే మూడుసార్లూ వెల్లకిలా పడింది.

"బో నునుపుగా ఉండాదమ్మా. సిమెంటు పూసేదా?"

"వద్దు" అంది. అది నారాయణ పెట్టిన నునుపు.

ఆమె గుడ్డమూట విప్పింది. ఉలి చేతికి చల్లగా తగిలింది. మొదటి దెబ్బ వేయడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకు తెలియదు. రాయి మళ్లీ పగిలితే? పగిలితే పగలనీ, అదొక లోయవుతుంది అనుకుంది. అట్లా అనుకోగానే చేయి దానంతటదే లేచింది. టింగుమని మోగింది. రాయి పగల్లేదు. మూపురం పక్కగా, బండి అడుగుకు సరిపోయేట్టు, వేలెడు వేలెడు దూరంలో సన్నటి మెట్లు చెక్కుకుంటూ పోయింది. రాతిపొడి ముక్కుపుటాల్లోకి వచ్చినప్పుడు కళ్లు చెమ్మగిల్లాయి, తుడుచుకోలేదు.

"మీరే నడపండమ్మా" అంటూ జాషువా రిమోట్ ఇచ్చాడు.

"నాకు సైకిలు గూడా రాదప్పా."

"దీనికి తొందర పనికిరాదు. అంతే."

ఆమెకు తొందర ఎప్పుడుంది గనక! బండి ఒక్కో మెట్టూ పట్టుకుంటూ, ఆగుతూ, ఆలోచిస్తూ ఎక్కి, మూపురం మీద నిలబడింది. రెబెకా చప్పట్లు కొట్టింది. ఉమామహేశ్వరమ్మ మళ్లీ బొటనవేలంత అయి బండి పక్కన నిలబడింది. ఆ ఎత్తు నుంచి ఎంత దూరం కనబడుతుందో చూసుకుంటోంది.

ఇంతలో వాన మొదలైంది. ఆ ఏటి తొలివాన. బండిని తీసుకుని ముగ్గురూ వసారాలోకి పరుగెత్తారు. కొండ రంగు మారింది. బూడిదరంగు రాళ్లు నల్లబడి మెరిశాయి. ఎవరూ చెప్పకుండానే నీళ్లు మూపురం మీంచి దారి చూసుకుని, ఒక సన్నటి వాగై లోయలోకి దూకాయి.

"ఆరు గంటల బస్సుకు పోవాలంటిరి గదా పెద్దమ్మా" అంది రెబెకా.

"ఆడ జూడు, వంతెన కింద నీళ్లు నిలబడతాండాయి" అంది ఉమామహేశ్వరమ్మ కళ్లు తిప్పకుండా. "పొద్దున్నే ఆ రాయి తిప్పాల. నాకు ఈడనే ఒక చాప ఎయ్యి."